ముసుగు కింద రథం

చక్రపురంలో రథాల వీధి అంటే ఆషామాషీ వీధి కాదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండు పక్కలా రథశాలలే. ఒక ముంగిట్లో పట్టపుదేవి పల్లకీకి నెమలి మెడలు చెక్కుతుంటే, ఎదుటి ముంగిట్లో యుద్ధరథానికి ఇత్తడి రేకులు తాపడం చేస్తుంటారు. పొద్దెక్కేసరికి ఆ రేకుల వెలుగు గోడల మీద బంగారు చేపపిల్లల్లా ఈదులాడుతుంది. గాలి పీలిస్తే టేకు పొట్టు వాసన, కరిగిన లక్క వాసన, కాగిన ఆముదం వాసన. అలాంటి వీధిలో అన్నిటికంటే పెద్ద శాల కౌస్తుభాచారిది. దేశదేశాల రాజులు ఆయన చేతి రథం ఎక్కితేగానీ మీసం మెలెయ్యరని పేరు.

ఆ శాల గడపలో కువలయ మళ్లీ వచ్చి నిలబడింది. ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదు.

కువలయ రాజకుమార్తె కాదు. మణిసింధు రాజుగారి పాత సారథి కూతురు. తల్లీ తండ్రీ పోయాక అన్న సోమధ్వజుడే జడలు వేసి, ముద్దలు పెట్టి పెంచాడు. ఆ అన్న ఇప్పుడు తెల్లకడలిలో ఉన్నాడు.

తెల్లకడలి పేరుకే కడలి. అందులో అలలుండవు, పడవలుండవు. కనుచూపు మేర ఉప్పే. పైన అప్పడంలాంటి పెచ్చు, కింద అడుగు తెలియని బురద. దాని నడుమ క్షారభైరవుడనే మాంత్రికుడి దీవి. నడివేసవిలో పెచ్చు బాగా గట్టిపడ్డప్పుడు వాడు ఒడ్డుకు వస్తాడు. దొరికిన మనుషుల్ని మంత్రంతో కట్టి, తన దీవి చుట్టూ ఉప్పుబొమ్మలుగా నిలబెడతాడు. ఈ ఏడు సోమధ్వజుణ్ణి నిలబెట్టాడు. పాదాల దగ్గర మొదలైన ఉప్పు రోజురోజుకీ పైకి పాకుతోంది. ఎవరైనా ఒడ్డు మట్టిని తెచ్చి ఒంటికి తగిలిస్తే ఆ ఉప్పు పెచ్చులుగా రాలిపోతుంది. ఆ మట్టి మూట ఎప్పుడూ కువలయ కొంగునే ఉంటుంది. ఈలోగా వాన పడిందా, ఉప్పుతో పాటు మనిషీ కరిగిపోతాడు.

ఆ పెచ్చు మీద మామూలు రథం నడవదు. చేటలంత వెడల్పు చక్రాలుండాలి, పూలబుట్టంత తేలికైన తొట్టి ఉండాలి. అదంతా నీట వేసినా మునగని తెప్పమాను కర్రతోనే చెయ్యాలి. దేశం మొత్తం మీద తెప్పమాను ఒక్కటే మిగిలింది, అది కువలయ పెరట్లో. తండ్రి నాటిన చెట్టు. దాన్ని తన చేతులతోనే నరికించి, కళ్లు తుడుచుకుని, బండ్లమీద తెచ్చి కౌస్తుభాచారికి అప్పగించింది. ఇంకెవరికి అప్పగిస్తుంది? నాన్న కంచంలో చెయ్యి పెట్టి తిన్న మనిషి, మామయ్యా అని పిలిస్తే ఓయ్ అని పలికిన మనిషి.

"రా తల్లీ, రా! నీ మాటే అనుకుంటున్నాం," అంటూ ఎదురొచ్చాడు ఆచారి. నుదుట అడ్డబొట్టు, చెవులకు పోగులు, మొహం నిండా నవ్వు. "రథం అయిపోయినట్టే."

"పోయిన పున్నానికీ అయిపోయినట్టే అన్నావు మామయ్యా."

"అప్పటికి జిగురు ఆరలేదమ్మా. ఆరని జిగురు మీద నిన్నెలా ఎక్కించను?"

"అంతకు ముందో?"

"ఇరుసు బిగించబోతే బల్లి పలికింది. బల్లి పలికాక ఇరుసు ముట్టుకునే మొనగాడు ఈ వీధిలో ఉంటే చూపించు, వాడికి నా శాల రాసిస్తా."

"కమ్మరికి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. ఇప్పుడు వాడి అత్తగారికి వచ్చింది."

కువలయకు నవ్వు రాలేదు. ఉత్తరాన ఆకాశం అంచుకి బూడిదరంగు ఎక్కుతోంది. గాలిలో తేమ తెలుస్తోంది. "మామయ్యా, మబ్బులు చూశావా? అన్నయ్యకి ఉప్పు గుండెల దాకా వచ్చేసిందని రాజుగారి వేగులు చెప్పారు. ఇంకా చెక్కుతూ కూర్చుంటే నాకు రథం మిగులుతుంది, అన్నయ్య మిగలడు."

"నీకున్నంత బెంగ నాకు లేదనుకున్నావా? విను, ఎలా పని జరుగుతోందో!" అని శాల నడిమి వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ పెద్ద గంజిగుడ్డ ముసుగు కింద రథమంత ఆకారం నిలబడి ఉంది. దాని వెనకాల తడికె అవతలి నుంచి ధనధనా దెబ్బల చప్పుడు. కువలయ అడుగు ముందుకు వేసి, గుడ్డకు జానెడు దూరంలో ఆగిపోయింది. చక్రపురంలో అది కట్టుబాటు. రథానికి కళ్లు దిద్దే వేళ దాకా ముసుగు తియ్యరు. సొంతదారు దాన్ని చూడకూడదు. చూస్తే రథం గుడ్డిదై పుడుతుంది, మొదటి మలుపులోనే మనిషిని బోల్తా కొడుతుంది. కువలయ సారథి ఇంట పుట్టిన పిల్ల. ఆ కట్టుబాటు ఉగ్గుపాలతో తాగింది. అందుకే వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు విని, ముసుగు మీద చేత్తో నిమిరి, కడుపు నిండినట్టు తిరిగిపోయేది. వచ్చినప్పుడల్లా తుమ్ములు కూడా తుమ్మేది.

ఇప్పుడూ తుమ్మింది, ఆగకుండా.

"చేవగల కర్ర తల్లీ, పొట్టు ఘాటుగా ఉంటుంది," అన్నాడు ఆచారి.

గోరింటకు మాత్రం కట్టుబాట్లు తెలియవు. అది కువలయ ఎర్ర గుర్రం. గడప బయట కట్టేస్తే పగ్గం విప్పుకుని లోపలికి వచ్చింది. గంజి పెట్టిన గుడ్డ వాసన తగిలేసరికి దానికి ప్రాణం లేచొచ్చింది. అంచు నోట పెట్టి నమిలింది, రుచి తగిలింది, ఇంకాస్త లాగింది. "హెయ్! హెయ్!" అంటూ ఆచారి పరిగెత్తేసరికి అది బెదిరి వెనక్కి గెంతింది. ముసుగు మొత్తం సర్రున జారి నేలమీద పడింది.

కువలయ చప్పున కళ్లు మూసుకుంది. రథం గుడ్డిదైపోతుందేమోనని భయం. ఆ భయంతోనే నిలబడి ఉండగా తడికె అవతలి నుంచి ఆచారి భార్య పేరిందేవి గొంతు వినిపించింది.

"ఏమండీ! పిల్ల వెళ్లిందా? నా రెక్కలు పడిపోతున్నాయి. మిరపకాయలన్నీ పొడి అయిపోయాయి, ఉత్త రోలు దంచమంటారా?"

కువలయ కళ్లు తెరిచింది.

విరిగిన గానుగ మొద్దు. దాని మీద బోర్లించిన గంపలు. అటూ ఇటూ పాత మంచం కోళ్లు నిలబెట్టి తాళ్లతో కట్టారు. తను ఇన్నాళ్లూ నిమిరింది ఆ గంపల్ని. ఇన్నాళ్లూ అన్న బతుకుతాడని విన్న చప్పుడు మిరపకాయల రోకలిది.

"నా చెట్టేది?" అంది. గొంతు పెద్దగా లేదు.

ఆచారి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. కుడి చేతి మీది ఉత్తరీయం పక్కకు జరిగింది. మణికట్టుకు తెల్లటి కడియం, పటికముక్కలా మెరుస్తోంది.

"తల్లీ, నా చేతులు వణకడం మొదలెట్టి రెండేళ్లయింది," అన్నాడు తలొంచుకుని. "ఉలి పడితే గీత వంకర పోతుంది. ఈ వీధిలో ఎవరికీ తెలియదు, మీ అత్తకు తప్ప. నీ కర్ర తెచ్చి పెట్టావు చూడు, ఆ రాత్రి ఎంత ఏడ్చానో! చెయ్యలేనని నీతో చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు ఏనుగు దంతాల వర్తకుణ్ణంటూ ఒకడొచ్చాడు. ఈ కడియం తొడిగాడు. తొడగ్గానే వణుకు ఆగిపోయింది. తన రథం తెప్పమానుతో చేస్తేనే కడియం నాదన్నాడు. వాడెవడో తర్వాత తెలిసింది."

"ఎవడు?"

ఆచారి ఉత్తరీయం కడియం మీదకు లాక్కున్నాడు. పేరు చెప్పనక్కర్లేదు. తెల్లకడలి దాటే రథం కావలసినవాళ్లు లోకంలో ఇద్దరే.

"క్షారభైరవుడికి చేశావా!" అంది కువలయ. "ఏడాదికోసారి నడిచొచ్చేవాడికి ఏడాది పొడుగునా వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయే దారి చేసిపెట్టావా! మా నాన్న నాటిన చెట్టుతో! నీ చేతులు వణుకుతున్నాయంటే నేను నవ్వేదాన్నా మామయ్యా? నీ పక్కన కూర్చుని ఉలి నేను పట్టుకునేదాన్ని కానా? సిగ్గు దాచుకోవడానికి మా అన్నయ్యని అమ్మేశావే!"

"అమ్మాయీ, ఇంకో మాటుంది. అది విని వెళ్లు. ఆ రథానికి..."

"నీ మాటలు చాలు. జిగురూ బల్లీ కమ్మరీ అత్తగారూ, అన్నీ విన్నాను. రథమెక్కడుంది?"

"ఉత్తర ద్వారం దగ్గర. ఇవాళే కళ్లు దిద్దుతారు. అది కాదు తల్లీ, నా మాట..."

కువలయ అప్పటికే వీధిలో ఉంది. గుర్రాన్ని పట్టుకునే ఓపిక కూడా లేదు. గుండె మండుతుంటే కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి.

వీధి మలుపులో కాటుక రంగమ్మ ఎదురైంది. చక్రపురంలో ఏ రథానికైనా కళ్లు దిద్దేది ఆవిడే. భారీ మనిషి, నడిస్తే కాటుక గిన్నె, అద్దం, గాజులు అన్నీ ఒకేసారి మోగుతాయి. కళ్లు దిద్దేటప్పుడు నిలువెల్లా కప్పుకునే పసుపు దుప్పటి చంకలో ఉంది.

"ఎటే అంత పరుగు, వెనక పులి గానీ తరుముతోందా?"

కువలయ ఆయాసపడుతూనే నాలుగు ముక్కల్లో చెప్పింది. రంగమ్మ వింటూ వింటూ ఉన్న చోటే గట్టుమీద చతికిలబడింది.

"ఆ కౌస్తుభుడా! నాకూ పట్టుచీర పెడతానని ముగ్గురు రాజుల రథాలు దాటించాడులే. నాది చీరతో పోయింది, నీది అన్నతో పోయేట్టుందే పిల్లా." కాటుక గిన్నె, అద్దం, దుప్పటి మూడూ కువలయ ఒళ్లో పడేసింది. "పో. నాకు మోకాళ్ల నెప్పులు, మధ్యాహ్నం దాకా ఇక్కడే కూర్చుంటా. ఒకటి గుర్తుపెట్టుకో, దిద్దేటప్పుడు రథం వైపు చూడకు, అద్దంలో చూసి దిద్దాలి. సొంతదారు రథానికి ఎదురుగా కళ్లు మూసుకుని నిలబడతాడు. నువ్వు చూడమంటేనే చూడాలి. ముందుగా చూశాడో, రథం గుడ్డిదే. రథం కళ్లు తెరిచి మొట్టమొదట ఎవర్ని చూస్తే వాళ్లదే అవుతుంది."

కువలయ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. అప్పుడు, పొద్దుటి నుంచి మొదటిసారి, ఆమె మొహంలో చిన్న వెలుగు కదిలింది.

ఉత్తర ద్వారం దగ్గర జనం గుమిగూడారు. నడుమ రథం నిలబడి ఉంది. దాన్ని చూస్తూనే కువలయ పసుపు దుప్పటి నిలువెల్లా కప్పుకుంది. తెప్పమాను కర్ర వెన్నపూసలా మెరుస్తోంది. చేటలంత చక్రాలు, తామరాకులు పరిచినట్టు. తొట్టి చుట్టూ అల్లిన తీగలు, తీగల మధ్య వాలిన చిలకలు, ఒక్కో చిలక ముక్కుకు ఎర్ర లక్క. వంకర గీత ఒక్కటి లేదు. ద్రోహం ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. కాడికి రెండు తెల్ల అడవి గాడిదలు కట్టి ఉన్నాయి. తెల్లకడలిలో పుట్టి పెరిగిన జీవాలవి. పెచ్చు మీద పిట్టల్లా అడుగేస్తాయి.

రథం ముందు, దానికి వీపు తిప్పి, దంతాల వర్తకుడి వేషంలో పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. వాడు గొడుగు కింద ఉన్నా కళ్లు ఎండకు చికిలించినట్టే ఉన్నాయి. వాడు అడుగు పెట్టిన చోటల్లా గరిక మాడి తెల్లబడుతోంది.

"ఇంత ఆలస్యమా ముసలిదానా?" అన్నాడు.

కువలయ దుప్పటి లోపల నుంచి రంగమ్మ గొంతు తెచ్చుకుంది. "కళ్లు దిద్దడమంటే గోడకి సున్నం కొట్టడం కాదు దొరా. కళ్లు మూసుకుని ఇటు తిరగండి. నేను చెప్పేదాకా తెరిచారో, కానుగ చెట్టుకు గుద్దుకుంటారు."

జనం నవ్వారు. మాంత్రికుడు కళ్లు మూసుకుని రథం వైపు తిరిగాడు.

కువలయ వీపు రథానికి పెట్టి, అద్దం ఎత్తి, వేలితో కాటుక తీసింది. ఎడమ కన్ను దిద్దింది. కుడి కన్ను దిద్దుతూ అద్దం కొంచెం పక్కకు తిప్పింది. ఇప్పుడా అద్దంలో క్షారభైరవుడు లేడు, ఆమె మొహమే ఉంది. రథం కళ్లు తెరిచి మొట్టమొదట చూసింది దాన్నే.

"అయిందా?" అన్నాడు వాడు.

"కాటుక ఆరలేదు దొరా. ఆరని కాటుక మీద మిమ్మల్నెలా ఎక్కించను?"

అలా అంటూనే నొగ మీద కాలు పెట్టింది.

"ఆరిందా?"

"బల్లి పలికింది దొరా, కాస్త ఆగండి."

తొట్టిలోకి ఎక్కింది. పగ్గాలూ కొరడా అందుకుంది. జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి మాంత్రికుడు కళ్లు తెరిచేసరికి పసుపు దుప్పటి గాలిలో ఎగురుతోంది. గాడిదలు ద్వారం దాటుతున్నాయి. వాడు అరిచిన అరుపుకి కోటగోడ సున్నం పెళ్లలుగా రాలింది. పిడికెడు ఉప్పు విసిరాడు. ఆ ఉప్పు తెల్లకొంగల గుంపై ముక్కులు చాచి రథం మీద పడింది. కువలయ పగ్గాలు పళ్ల మధ్య పెట్టి, ఎడాపెడా కొరడా ఝళిపించింది. దెబ్బ తగిలిన కొంగలన్నీ పొడి పొడిగా రాలాయి. ఆమె బుగ్గలు చీరుకున్నాయి, రథం ఆగలేదు.

ద్వారం బయట దారి పక్కన గోరింట మీద ఆచారి ఎదురయ్యాడు. తలపాగా ఊడిపోయింది, రొప్పుతున్నాడు. "ఆగు తల్లీ! చీల! ఎడమ చక్రం చీల!" అంటూ రెండు చేతులూ ఎత్తాడు.

ఇంకో సాకు, అనుకుంది కువలయ. తల కూడా తిప్పలేదు.

రథం తెల్లకడలి మీదకు దూకింది. పెచ్చు కిర్రుమందిగానీ విరగలేదు! చేటచక్రాలు దాని మీద తేలినట్టు పరిగెత్తాయి. ఒడ్డున క్షారభైరవుడు ఆగిపోయాడు. తేమకు మెత్తబడ్డ పెచ్చు వాడి కాలు మోయదు, రథం చేజారింది. వాడు రెండు చేతులూ ఉత్తరపు మబ్బు వైపు చాచాడు.

"వెళ్లవే, వెళ్లు! నువ్వు చేరేలోగా నీ అన్నని నీళ్లు చేస్తా!"

మబ్బు కదిలింది. దీవి అవతల ఆకాశం నుంచి నేల దాకా బూడిద తెర జారింది. దాని ముందుగా తడిగాలి వచ్చింది. ఆ గాలిలో కువలయకు దూరంగా దీవి కనిపించింది. దీవి అంచున తెల్ల మనుషుల వరస. అందులో ఒకడికి మాత్రం ఇంకా తల నల్లగా, మెడ నల్లగా ఉంది.

"అన్నయ్యా!" అని కేక పెట్టింది.

ఆ తల కదిలింది.

సరిగ్గా అప్పుడే రథం ఎడమకు ఒరిగింది. కువలయ వంగి చూసింది. చక్రం జారకుండా ఇరుసు కొసన దిగ్గొట్టే చీల ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద ఒకటి తడిగాలికి కారిపోతోంది. వేలితో తాకి నాలుకకు రాసుకుంది. ఉప్పు. మాంత్రికుడు నడిబురదలో కూలిపోవాలని ఆచారి ఉప్పుతో చీల చేసి, కర్ర రంగు పూశాడు. ఆ మాట చెప్పడానికే పొద్దుటి నుంచి నోరు తెరిచాడు. తనే విననివ్వలేదు.

గాడిదల్ని ఆపింది. నడికట్టు విప్పి ఇరుసుకు చుట్టింది. రథం కదపగానే పుటుక్కున తెగింది. కొరడా కర్ర విరిచి దూర్చింది, అది నలిగి పిప్పి అయింది. వానతెర దీవి వెనక గట్టు మీదకు వచ్చేసింది.

వెనక నుంచి ఏదో రాసుకుంటున్న చప్పుడు. తిరిగి చూస్తే కౌస్తుభాచారి. మిగిలిపోయిన తెప్పమాను పలక మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో ఉప్పును తోసుకుంటూ వస్తున్నాడు. అరచేతులు కోసుకుపోయి పెచ్చు మీద ఎర్రటి గీతలు పడుతున్నాయి.

"చీల తెచ్చాను తల్లీ. తెప్పమానుదే. ఇందాక చెక్కాను."

కువలయ చెయ్యి చాచలేదు. "ఇదీ ఉప్పుదేనా? నన్నూ ముంచమని వాడు పంపాడా?"

ఆచారి చీల పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. మణికట్టుకు కడియం లేదు. చెయ్యి ఎండుటాకులా గడగడా వణుకుతోంది. చీల మీద చెక్కిన గీతలన్నీ వంకరే.

కువలయ వాటి వైపే చూసింది. ఆయన నోటినైతే ఈ జన్మలో నమ్మదు. ఆ వంకర గీతల్ని నమ్మింది. వంగి చీల అందుకుంది.

అందించడానికి ఆయన మోకాళ్ల మీద లేచాడు. పలక తిరగబడింది. పెచ్చు విరిగి నడుము దాకా బురదలోకి దిగిపోయాడు. కువలయ చీల ఇరుసులో పెట్టి మడమతో రెండు దెబ్బలు వేసింది. బిగిసింది. పలకను కాలితో ఆయన చేతులకందేట్టు తోసింది.

"నా కోసం ఆగకు. వెళ్లు తల్లీ," అన్నాడాయన, పలకను కౌగలించుకుని. "నన్ను క్షమిస్తావో లేదో..."

"క్షమించలేదు," అంది కువలయ, పగ్గాలు అందుకుంటూ. "నేనొచ్చేదాకా మునిగిపోకు మామయ్యా. నీతో ఇంకా బోలెడు పోట్లాడాలి."

గాడిదలు దూకాయి. కువలయ ఒక చేత్తో కొంగులోని మట్టి మూట విప్పింది. మొదటి చినుకు కాడి మీద పడి చిట్లింది. ఎదురుగా దీవి అంచున వరసలో ఆ చివరి బొమ్మ భుజం కరిగి జారింది. తర్వాత దాని పక్క బొమ్మది. వాన ఒక్కొక్కరినీ తడుముకుంటూ సోమధ్వజుడి వైపు వస్తోంది, కువలయ ఇటు నుంచి వస్తోంది. చేటచక్రాల కింద తెల్లకడలి అప్పుడే మెత్తబడుతోంది.